పైన రెండు వేళ్ళ సందు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోని క్యారేజీ షాపులో అప్పలకొండ పని జాయింట్లు బిగించడం కాదు, ఇంకొకరు బిగించిన జాయింట్లను నమ్మకపోవడం.

బ్రేకు పైపుల సెక్షన్‌లో ఒక పద్ధతి ఉండేది. బిగించినవాడు పరీక్షించకూడదు. వాడు పైపు మీద సుద్దముక్కతో తన టికెట్ నంబరు రాసి పక్కకు తప్పుకుంటాడు. రెండో మనిషి వచ్చి జాయింటు చుట్టూ సబ్బునీళ్ళు రాసి, గాలి ఎక్కించి, బుడగ లేస్తుందేమో చూసి, లేవకపోతే ఆ కిందే తన నంబరు వేస్తాడు. రెండు నంబర్లు పడని పైపు షాపు దాటేది కాదు. ముప్ఫై రెండేళ్ళు ఆ రెండో మనిషి అప్పలకొండ. చివరి పదేళ్ళలో పేంట్రీకార్ల గ్యాసు లైన్లు కూడా ఆయన చేతికే వచ్చాయి. నేను అదే వర్క్‌షాపులో టైమాఫీసు గుమస్తాని కాబట్టి ఆయన ఎన్నడూ ఆలస్యంగా రాలేదని నాకు తెలుసు. తాను లేనప్పుడు ఇంకెవరైనా నంబరు వేసేస్తారేమోనని భయం.

రిటైరై పదకొండేళ్ళయింది. ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టరు ఖాళీ చేసి అదే ఊళ్ళో ఝపటాపూర్‌లో ఆయనా నేనూ గోడకు గోడ ఆనుకునే ఇళ్ళు కట్టుకున్నాం. చుట్టరికం లేకపోయినా నన్ను బావ అంటాడు. ఉద్యోగం దిగినా ఆ గుణం దిగలేదు. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కే ముందు మూడు చక్రాలనూ కాలితో తన్ని చూస్తాడు. డాక్టరు రాసిన మందు చీటీని ఇంకో డాక్టరుకు చూపించి, ఆ రెండో డాక్టరు సంగతేమిటని నన్ను అడుగుతాడు. ఇంతా చేసి ఆయన్ని ఎవరైనా మోసం చేసిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ మాటే అంటే, "మరందుకే గాదా బావా," అంటాడు.

కూతురు వరలక్ష్మి ఆయన దగ్గరే ఉంటుంది. అల్లుడు గూడ్సు గార్డు, ఎప్పుడూ లైన్లోనే. మనవరాలు పూజ డిగ్రీ రెండో సంవత్సరం ఫిజిక్స్ చదువుతోంది. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం ఆ పిల్ల సైకిలు గోడకు ఆనించి తాతతో చెప్పిన మాట మా ఇంట్లోకి కూడా వినిపించింది.

"తాతా, నాను బండి నడపబోతన్నాను."

"ఏటి బండి?"

"హైడ్రోజన్ బండి. ప్రేమ్ బజార్ ఎనకాల సందులో షెడ్డు తీసుకుని కడతన్నారు. ఇంజినీరింగ్ కేంపస్ పిల్లలు. తక్కువ గేసుతో ఎవరి బండి ఎక్కువ దూరం పోతాదో, దానికి పోటీ."

"వాళ్ళలో వాళ్ళకి నడిపేవోళ్ళు నేరా? నువ్వే ఎందుకు?"

"డ్రైవరు యాభై కిలోలకి తగ్గితే రూలు ఒప్పుకోదు. ఎక్కువుంటే బండికి దండగ. నాను యాభై ఒకటి."

"అంటే నిన్ను తూకమేసి తీసుకున్నారన్నమాట. సంతలో మేకని తీసుకున్నట్టు."

"మేకకి లైసెన్సు ఉండదు తాతా."

కాసేపటికి గోడ మీద అప్పలకొండ తల కనిపించింది. "బావా, నీ పుస్తకాల్లో హైడ్రోజన్ గురించి ఏటున్నాది?"

"మండుతుంది," అన్నాను, చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"అది సాల్లే," అని తల దించేశాడు. ఇంకో రెండు మాటలు చెప్పి ఉండవలసింది నేను. ఆయన ఆగలేదు, నేనూ పిలవలేదు.

మర్నాటినుంచి మూడు రోజులు ఆ షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరు లోపలికి వెళ్తున్నారు, ఏ సిలిండర్లు దిగుతున్నాయి, తాళం ఎవరి దగ్గరుంటుంది అని చూశాడు. తాళంచెవి తలుపు పైన రేకు మడతలోనే పెట్టి వెళ్తున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయాడు. నాలుగో రోజు నేరుగా లోపలికి వెళ్ళాడు. ఒక బెంగాలీ అబ్బాయి ఇనప సుత్తితో పల్చని అల్యూమినియం రేకును వంచబోయి గుంటలు పెడుతున్నాడు. అప్పలకొండ ఆ సుత్తి లాక్కుని, మూల ఉన్న చెక్క ముక్క తీసుకుని, రేకును బల్ల అంచుకు పెట్టి నాలుగు దెబ్బల్లో మడత తెచ్చాడు. పేరేమిటని అడిగితే కొండ మిస్త్రీ అన్నాడు. ఆ సాయంత్రానికే ఆయన్ని పనిలో పెట్టుకున్నారు.

పూజ కాలేజీ నుంచి వచ్చి తాతను అక్కడ చూసి ఏమీ అనలేదు. అనవలసిందంతా ఇంటికొచ్చాక అంది.

"నా పరువు తియ్యడానికొచ్చినావా?"

"నీ పేరెత్తితే అప్పుడడుగు."

"వాళ్ళకి తెలిస్తే నన్ను తీసేస్తారు. తాతని ఎంటబెట్టుకొచ్చిందంటారు. సిన్నపిల్లనా నాను?"

"ఎలా తెలుస్తాది? అక్కడ నువ్వెవరో నాకు తెలీదు. నానెవరో నీకు తెలీదు. ఠీక్ హై?"

ఆ రోజునుంచి మూడు నెలలు షెడ్డులో తాతా మనవరాలూ పరాయివాళ్ళే. మంచినీళ్ళిచ్చినా ఆ పిల్ల ఆయన ముఖం చూడకుండా ఇచ్చేది. అక్కడి సంగతులు కొన్ని ఆయన గోడ మీంచి నాకు చెప్పాడు, కొన్ని తర్వాత పూజ చెప్పింది.

బండిని చూసి ఆయన మొదట అన్నమాట, "ఇది బండి కాదు, సింతగింజ." మూడు సన్నని చక్రాలు, పైన నల్లటి పెంకు. నడిపే మనిషి అందులో వెల్లకిలా పడుకోవాలి. కాళ్ళు ముందుకు, తల వెనక్కు. తల వెనక ఒక పల్చని అడ్డు గోడ. ఆ గోడకు ఆవల చిన్న సిలిండరు, దాని పక్కన పుస్తకాల కట్టలాంటి పెట్టె. సిలిండర్లోని హైడ్రోజన్, బయటి గాలి ఆ పెట్టెలో కలుసుకుంటే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. ఇవన్నీ ఆయనకు చెప్పింది ఏంజలిన్. కాకినాడ అమ్మాయి, గ్యాసు పని మొత్తం తనది.

"పొగ రాదు తాతగారూ. నీళ్ళొస్తాయి, అంతే."

"అగ్గి గేసు పెడితే నీళ్ళొస్తాయా?"

ఆ అమ్మాయి పెట్టె నడిపించి, కింద గొట్టం నుంచి జారిన చుక్కలను ఆయన అరచేతిలో పట్టించింది. అప్పలకొండ వాసన చూశాడు.

"వాసన నేదు."

"గ్యాసుకీ వాసన ఉండదు, నీళ్ళకీ ఉండదు."

"వంట గేసు కారితే ముక్కుకు తెలుస్తాది. ఇది తెలీకుండా కారతాదన్నమాట," అని చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆ అమ్మాయి మీద ఆయనకు పెద్ద అనుమానం లేదు. అడిగిన ప్రతిదానికీ పని ఆపి జవాబు చెప్పేది. అనుమానమంతా ప్రశాంత్ మీద. ప్రశాంత్ వాళ్ళ నాయకుడు. అతని తాతలూ మా పెద్దల్లాగే ఒకప్పుడు తెలుగు నేల నుంచి రైల్వేలోకి వచ్చినవాళ్ళే, ఈ ఊళ్ళోనే నిమ్‌పురాలో ఇల్లు. బండి నమూనా అంతా అతని కంప్యూటర్లోనే. తెర మీద ఒక బ్రాకెట్టు బొమ్మ ఎర్రగా, పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. బరువు పడేచోట ఎరుపు, పడనిచోట నీలం. నీలం ఉన్నచోట లోహం తీసేస్తారు. అందుకే ఆ బండిలో బొక్కలు లేని ముక్క ఒక్కటీ లేదు. ఒక రోజు అప్పలకొండ ఆ తెర ముందు నిలబడి అడిగాడు.

"నీలం ఉన్న కాడ బలం పడదని ఎవరు సెప్పినారు?"

"లెక్క చెప్పింది దాదూ," అన్నాడు ప్రశాంత్. తాతను బెంగాలీలో అలా అంటారు.

"లెక్క ఎవరు సేసినారు?"

"నేనే."

"సరిసూసినోడు?"

ప్రశాంత్ నవ్వాడు. "అదీ నేనే. మిమ్మల్ని పిలవమంటారా?"

మిగతావాళ్ళూ నవ్వారు. అప్పలకొండ నవ్వలేదు. ఆ సాయంత్రం నాతో, "ఒక్కడే బిగించుకుని ఒక్కడే నంబరేసుకుంటన్నాడు బావా. అందులో మన గుంట తొంగుంటాది," అన్నాడు.

ప్రతి రోజూ పని ముగిశాక బండిని తూకం వేసి గోడ మీది బోర్డులో అంకె రాసేవారు. నలభై ఒక్క కిలోల మూడు వందల గ్రాములు. ఇరవై గ్రాములు తగ్గితే చప్పట్లు కొట్టేవారు. ఇనప మరమేకుల బదులు నైలాను మరమేకులు వేశారు. సీటు గుడ్డకు బదులు వల కట్టారు. అప్పలకొండకు ఆ చప్పట్లు వింటే ఒళ్ళు మండేది. రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టగల వస్తువులో మనిషిని ఎక్కించడమేమిటని. వర్క్‌షాపులో అనుమానం వచ్చినచోట ఇంకో ప్లేటు వేసేవాళ్ళం. వీళ్ళకు అనుమానం రాదు, వచ్చినా ప్లేటు వెయ్యరు.

సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు వెనక మూత పని ఆయనకు వచ్చింది. సిలిండరునూ పెట్టెనూ కప్పే మూత అది. బొమ్మలో చూస్తే మూత పై అంచు అడ్డు గోడ దాకా రాకుండా రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఆ సందు మీద సన్నని జాలీ. ఏంజలిన్ ఆ రోజు గ్యాసు కోసం కోల్‌కతా వెళ్ళింది. అందుకని ప్రశాంత్‌ను అడిగాడు.

"ఈ సందెందుకు బాబూ?"

ప్రశాంత్ చెవి దగ్గర ఫోను ఉంది. "అది అలాగే ఉంటది దాదూ. డ్రాయింగ్‌లో ఎలా ఉంటే అలా చేసెయ్యండి."

ఈ జవాబు అప్పలకొండ చాలాసార్లు విన్నాడు. షాపులో కొలత తప్పి రేకు పొట్టిదైనప్పుడు అడిగితే డ్రాయింగ్ ఆఫీసువాళ్ళు ఇదే మాట అనేవారు. రేకు చాల్లేదు, పైన జాలీ అంటించి కప్పేశారు అని ఆయన నిశ్చయానికి వచ్చాడు. పిల్ల తల సరిగ్గా ఆ సందుకు ముందు ఉంటుంది. వెనక మంట లేస్తే అందులోంచే తల మీదికొస్తుంది.

బొమ్మలో ఉన్నట్టే మూత చేశాడు. జాలీ కూడా పెట్టాడు. ఆ తర్వాత, పిల్లలంతా అన్నాలకు వెళ్ళినప్పుడు, జాలీ లోపలివైపు ఒక రేకు పట్టీ పెట్టి నాలుగు రివెట్లు కొట్టి, చుట్టూ లప్పం లాంటి సీలింగు పూసి, నల్ల రంగు వేశాడు. బయటినుంచి చూస్తే జాలీ వెనక నలుపే కనిపిస్తుంది. లోపలినుంచి చూస్తే అంచుకు బలం కోసం పెట్టిన మడతలా ఉంటుంది. మరి గ్యాసు కారితే ఎటు పోవాలి? అదీ ఆలోచించాడు. మూత అడుగున మూడు బొక్కలు పెట్టాడు. పేంట్రీకారులో సిలిండర్లుండే అలమరకు అడుగునే కదా బొక్కలుంటాయి. గ్యాసు నేలకు దిగి, అట్నుంచి అటే బయటికి పోతుంది. అగరొత్తి వెలిగించి పొగ పట్టి చూశాడు. పైనుంచి పొగ చుక్క కూడా రాలేదు. తృప్తిగా మూత బిగించి చేతులు కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం బోర్డు మీద అంకె నూట అరవై గ్రాములు పెరిగింది.

ఆ నూట అరవై గ్రాములు వారం రోజులు ఆ షెడ్డులో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. చక్రాల పని చూసే అబ్బాయి చెప్పకుండా పాత బేరింగులు వేశాడని ప్రశాంత్ అనుమానం. ప్రశాంత్ తన వైర్ల కట్టను తూకంలో తక్కువ చూపించాడని ఆ అబ్బాయి అనుమానం. ఎవరో సీలింగు ఎక్కువ పూశారని ఏంజలిన్ ఒక పూటంతా అంచులు గీకింది. ఒకరు బయటికి వెళ్తే ఇంకొకరు వాళ్ళ పనిముట్ల పెట్టె తెరిచి చూసేవారు. అప్పలకొండ ఒక మూల కూర్చుని ఆకురాయితో రేకు అంచులు నున్నగా చేసుకుంటూ ఉండేవాడు. పూజ మాత్రం ఒకసారి ఆయన వైపు కాస్త ఎక్కువసేపు చూసిందట. అంత తిన్నగా ఆయన్ని షెడ్డులో చూడడం అదే మొదటిసారి.

బండిని పోటీకి తీసుకెళ్ళే లారీ బయల్దేరడానికి మూడు రోజులుందనగా బండిని మొత్తం మూసి నడిపారు. చక్రాల కింద రోలర్లు పెట్టారు, బండి కదలదు, చక్రాలు మాత్రం తిరుగుతాయి. పూజ లోపల పడుకుంది. పైపెంకు మూశారు, వెనక మూత బిగించారు. నాలుగు నిమిషాలకు వెనక అరలో ఉన్న గ్యాసు సెన్సారు కీచుమంది. కవాటం దానంతటదే మూసుకుంది, బండి ఆగింది. అందరికంటే ముందు పెంకు ఎత్తింది అప్పలకొండ.

"సబ్బు తెండి," అన్నాడు.

మూత తీసి, సిలిండరు మెడ దగ్గర్నుంచి పెట్టె దాకా ఒక్కొక్క జాయింటుకూ నురగ పట్టించాడు. గంటన్నర పట్టింది. ఎక్కడా బుడగ లేవలేదు. మూత తీసే ఉంచి ఇరవై నిమిషాలు నడిపారు. సెన్సారు నోరెత్తలేదు. మూత పెట్టారు. నాలుగు నిమిషాలకు మళ్ళీ కీచుమంది.

"సెన్సార్‌కి పిచ్చెక్కింది," అన్నాడు ప్రశాంత్. "సబ్బులో కూడా ఏమీ లేదు కదా. లోపల వేడెక్కి అరుస్తోంది. ఎంత గ్యాసుకి అరవాలో ఆ లిమిట్ పెంచేద్దాం. అక్కడికెళ్ళాక కొత్తది వేసుకోవచ్చు."

"పిచ్చెక్కిందని తెలిస్తే పెంచుదాం. తెలీకుండా పెంచకూడదు," అంది ఏంజలిన్.

"ఎల్లుండి ట్రయల్, ఆ మర్నాడు లారీ. నువ్వెప్పటికి తెలుసుకుంటావు?"

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ పూటకు తలుపులు మూశారు.

ఆ మర్నాడు సాయంత్రం అప్పలకొండ గోడ మీంచి కాదు, గేటు తీసుకుని వచ్చి నా వరండాలో కూర్చున్నాడు. మనిషి వడిలిపోయి ఉన్నాడు.

"సబ్బు అబద్ధమాడదు బావా. ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి ఆడనేదు. మూత తీస్తే నోరు మూస్తాది, మూత పెడితే అరుస్తాది. ఆ ప్రశాంతు ఏటో సేసినాడు. లోపల ఏదో దాసినాడు."

"మూత ఎవరు చేశారు?"

"నానే. మూత బాగుంది. ఆళ్ళు ఒగ్గేసిన సందు కూడా మూసేసినాను." అప్పుడు చెప్పాడు నాకు పట్టీ సంగతి. రివెట్లు, సీలింగు, రంగు, అగరొత్తి పొగ, అడుగున మూడు బొక్కలు. కొంచెం గర్వంగానే చెప్పాడు.

నా చేతిలో పుస్తకం మూసేశాను. "హైడ్రోజన్ కిందికి దిగదు బావా. పైకి పోతుంది."

"గేసు కిందకే దిగుతాది."

"అది వంట గ్యాసు. గాలికంటే బరువు. ఇది గాలికంటే తేలిక, అన్నిటికంటే తేలిక."

"నీ పుస్తకంలో రాసినోడు పేంట్రీకారు ఎక్కినాడా?"

పుస్తకంతో ఆయన్ని నమ్మించలేనని నాకు తెలుసు. అందుకని ఇలా అడిగాను. "గోల్ బజార్‌లో గ్యాసు బుడగలమ్మేవాడు దారం ఎందుకు కడతాడు?"

"ఎగిరిపోకుండా."

"అందులో ఉండేదేమిటి?"

అప్పలకొండ రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి వాటి మధ్య సందును చూసుకున్నాడు. ఆ సందు ఎందుకో ఆయనకు అప్పుడు అర్థమైంది. నాకూ ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. మంట రాకుండా ఆయన వేసిన పట్టీ, మంటకు కావలసిన గ్యాసును పిల్ల తల వెనక పోగుచేస్తోంది.

"రేపు పొద్దున్న ట్రయలు," అన్నాడు. "నువ్వు రా బావా. పుస్తకం సంగతి నువ్వు సెప్పు. రేకు సంగతి నాను సెప్తాను."

"పూజ పేరు వస్తుందేమో."

"ఒస్తే రానీ. పిల్లకి బండి పోతే పోనీ."

మర్నాడు మేం ఎంత తొందరపడినా ప్రేమ్ బజార్ చేరేసరికి వాళ్ళు మొదలుపెట్టేశారు. పూజ బండిలో ఉంది. పెంకు మూసి ఉంది. రోలర్ల మీద చక్రాలు తిరుగుతున్నాయి. సెన్సారు చప్పుడు చెయ్యడం లేదు. ప్రశాంత్ గడియారం చూసుకుంటున్నాడు.

"ఏడు నిమిషాలు," అన్నాడు మమ్మల్ని చూసి. "అరవలేదు. నేను చెప్పలేదా?"

అప్పలకొండ తిన్నగా వెళ్ళి బండి పక్కనున్న ఎర్ర మీట నొక్కేశాడు. చక్రాలు ఆగాయి. పెంకు ఎత్తి, "లేచి బయటికి రా," అన్నాడు. పూజ హెల్మెట్ తోనే లేచి వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు ప్రశాంత్.

అప్పలకొండ వెనక మూత మరమేకులు విప్పి, మూతను బల్ల మీద వెల్లకిలా పెట్టి, స్క్రూడ్రైవరు మొనతో నల్ల రంగు గీకాడు. పట్టీ అంచు బయటపడింది.

"ఇది బొమ్మలో నేదు. నాను పెట్టినాను. పైనున్న సందు మూసేసినాను. నాను బిగించినాను, నానే సూసుకున్నాను. రెండో మనిషికి సూపించనేదు."

ఏంజలిన్ వంగి చూసింది. జాలీలో వేలు పెట్టింది, వేలు రేకుకు తగిలింది. "పెట్టెలో తేమ చేరకుండా అర నిమిషానికోసారి కొంచెం గ్యాసు బయటికి వదుల్తుంది," అంది మెల్లగా, ఎవరితోనూ కాకుండా. "ఆ గొట్టం నోరు ఈ సందు కిందే పెట్టాను. పైకి పోవాలని. అది కారడం కాదు. అందుకే సబ్బుకి దొరకలేదు."

"నూట అరవై గ్రాములు," అన్నాడు చక్రాల అబ్బాయి.

ప్రశాంత్ ముఖం మారిపోయింది. "ఎవరు పంపారు మిమ్మల్ని? ఏ టీమ్? మూడు నెలలు ఇక్కడ కూర్చుని అన్నీ చూశారు. మేం ఇస్తామన్న కూలికంటే తక్కువకి ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది."

నేనేదో చెప్పబోయాను. ఈలోగా పూజ హెల్మెట్ తీసింది.

"మా తాత," అంది.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నా కోసం ఒచ్చినాడు. నాకు ముందే తెలుసు. తెలిసీ మీకు సెప్పనేదు."

"మూడు నెలలు?" అన్నాడు ప్రశాంత్. "మూడు నెలలు మా ముందు పరాయిదానిలా నాటకమాడి, ఇప్పుడు చెప్తావా? నిన్నెలా నమ్మి ట్రాక్ మీదికి పంపాలి?"

ఏంజలిన్ అప్పటికి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమె చూస్తున్నది ఇంకొకటి. "గ్యాసు పోగవుతూనే ఉంది, ఏడు నిమిషాలు అరవలేదు. ఎందుకు అరవలేదు?" అని రెండు మీటలు నొక్కి తెర చదివింది. "లిమిట్ నాలుగింతలు పెంచి ఉంది. పొద్దున్న ఆరున్నరకి. ఎవరు మార్చారు ప్రశాంత్?"

ప్రశాంత్ నుదురు రుద్దుకున్నాడు. "ట్రయల్ అవ్వాలి కదా. అయ్యాక తగ్గించేద్దామనే."

"పూజకి చెప్పావా?"

చెప్పలేదని అడగకుండానే తెలుస్తోంది. అప్పలకొండ అతని మీదికి వెళ్తాడేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. కానీ ఆయన కదల్లేదు. ఆయనకు ఇప్పుడు ఎవరినీ అనడానికి నోరు లేదు.

అన్నది పూజే. గొంతు పెంచకుండా అంది. "ఒకలు సందు మూసేసినారు. ఒకలు అరిసేదాని నోరు మూసేసినారు. ఇద్దరూ నాకు సెప్పనేదు. లోపల పడుకున్నది నాను." కాస్త ఆగి, "ఆ పట్టీ తీయండి. ఆ లిమిట్ తగ్గించండి. నా ముందే. తర్వాత నాను ఎక్కుతాను. ఎక్కొద్దంటే ఇప్పుడే సెప్పండి, ఇంటికెల్లి అన్నం తింటాను," అంది.

యాభై ఒక్క కిలోల డ్రైవరు రెండు రోజుల్లో ఎక్కడా దొరకరు. ఆ సంగతి ప్రశాంత్‌కు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

రివెట్లు అప్పలకొండే తీశాడు. డ్రిల్లు రెండుసార్లు జారింది. అడుగున పెట్టిన మూడు బొక్కలనూ మూశాడు. పూజ ఏంజలిన్ భుజం మీంచి తెర చూసింది, అంకె పాతదే అయిందని చదువుకుంది. జాలీలోంచి వేలు దూర్చి లోపల ఖాళీ ఉందని చూసుకుంది. పడుకుంది. పెంకు మూశారు.

అప్పలకొండ షెడ్డు బయటికొచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. లోపలికి చూడలేదు. నేను నిమిషాలు చెప్తానంటే వద్దన్నాడు. నాలుగు నిమిషాలు దాటాయి, పది దాటాయి. ఇరవై అయిదో నిమిషానికి మోటారు చప్పుడు ఆగింది. పెంకు తీసిన శబ్దం, పిల్లలు ఏదో అనుకుంటున్న శబ్దం. సెన్సారు ఒక్కసారి కూడా అరవలేదు.

ప్రశాంత్ బయటికి వచ్చాడు. కోపం తగ్గింది గానీ మాట తగ్గలేదు. "మీరు ఇంక రావద్దండీ. పని బాగుంది. కానీ రావద్దు."

"మంచిది బాబూ," అన్నాడు అప్పలకొండ. సంచీలో పనిముట్లు సర్దుకున్నాడు. మూడు నెలల్లో అతని మాటను అనుమానించకుండా ఒప్పుకోవడం అదొక్కసారే అనుకుంటాను.

ముగ్గురం నడిచే బయల్దేరాం. పూజ సైకిలు పట్టుకుని మా మధ్య నడిచింది. ఆ సందులో ఇద్దరూ కలిసి నడవడం అదే మొదలు. పుస్తకాల కొట్టు దగ్గర జనం పల్చబడ్డాక ఆ పిల్ల అంది.

"తాతా, ఆ సందెందుకని ప్రశాంతుని అడిగినావు. ఏంజలిన్ దీదీ ఊర్నించి వచ్చాక అడగొచ్చు, అడగనేదు. ఈ తాతని అడిగినావు, సగం విని ఎలిపోయినావు. నన్నెందుకు అడగనేదు?"

"నిన్నేటడుగుతాను? నీకేటి తెలుసు?"

"నాను సదివేది అదే తాతా. రోజూ రాత్రి నీ పక్కనే కూకుని సదువుతాను."

అప్పలకొండ నడుస్తూనే ఉన్నాడు. సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. పూజ ఆ సంచీ తీసి సైకిలు హ్యాండిలుకు తగిలించింది, ఆయన వద్దనలేదు.

లారీ మర్నాడు వెళ్ళింది. పిల్లలు ఆ రాత్రి రైలుకే వెళ్ళారు. నాలుగో రోజు మధ్యాహ్నం పూజ ఫోను చేసింది. వరలక్ష్మి స్పీకర్‌లో పెట్టింది, నేనూ అక్కడే ఉన్నాను. నలభై బళ్ళలో తొమ్మిదో స్థానం. ఒక ఘనమీటరు గ్యాసుకు రెండువందల పది కిలోమీటర్ల లెక్క పడిందట. అంత గ్యాసుతో ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా వెళ్ళి సగం దారి వెనక్కి రావచ్చని నేనన్నాను. అంత దూరం పోదు, ఎక్కడో లెక్క తప్పుంటారు అని అప్పలకొండ అన్నాడు. తర్వాత ఫోను దగ్గరికి వంగి, కొంచెం ఇబ్బందిగా, పక్కవాళ్ళు వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ పెట్టెలోకి బయటి గాలి పోతాదన్నారు గదా. వానాకాలం గాలిలో తడెక్కువుంటాది. అప్పుడేటవుతాది?"

అవతల పూజ చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. అప్పలకొండ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.